కొలతకు కాపరి: కాగితపు మిల్లులలో నియంత్రణ విద్య

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నును ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంచిక కార్యవర్గమువారు ఆదేశించిరి. రాజుల చరిత్రయు కవుల చరిత్రయు వ్రాయుటకు నాకంటె సమర్థులు మన యూరనే కలరు. నేను పగలు సహకార సంఘములో లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళ ఈ గ్రంథాలయపు దీపముక్రింద భారత భాగవతములను గురువు లేకయే చదువుకొన్నవాడను. కావున లెక్కలు వ్రాయువానికి తగిన విషయమునే యెంచుకొంటిని.

మన బీరువాలలోని పుస్తకములను రచించినవారి పేర్లు అట్టలమీద కలవు. అచ్చొత్తించినవారి పేర్లు లోపలి పుటలో కలవు. ఆ యక్షరములను మోయుచున్న కాగితమును చేసినవారి పేరు మాత్రము ఎచ్చటను కానరాదు. కాగితపు మిల్లులో వేడిమిని, ఒత్తిడిని, తేమను, చిక్కదనమును కొలుచు పరికరములు వేలకొలది యుండును. అవి సత్యము చెప్పుచున్నవో లేదో అనుదినము పరీక్షించి, తప్పినవానిని సరిదిద్ది, వానిమాట ననుసరించి కవాటములు తెరచుకొనునట్లును మూసుకొనునట్లును చేయు పనివాడొకడు కలడు. ఇంగ్లీషున నతనిని కంట్రోల్ సిస్టమ్స్ టెక్నీషియన్ అందురు. మన మిల్లులలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అని పిలుతురు. అతని వృత్తి పుట్టి పెరిగిన విధమే ఈ వ్యాసమునకు విషయము.

దీనిని వ్రాయుటకు నాకొక స్వంత కారణమును కలదు. నా తమ్ముని కుమారుడు ఐ.టి.ఐ.లో ఈ విద్య నేర్చి ఒక కాగితపు మిల్లులో పదునెనిమిదేండ్లుగా పనిచేయుచున్నాడు. వానికి సంబంధము చూచునాడు పిల్లవారి పెద్ద యొకరు, "మిల్లులో మీటర్లు తుడిచే పనేనా?" అని యడిగిరి. నేనచ్చటనే కూర్చుండియుంటిని. "ఇప్పటికి చేస్తున్నాడండీ, త్వరలోనే ఆఫీసు పనికి మారిపోతాడు" అని నేనే బదులు చెప్పితిని. వాడు నావంక ఒకసారి చూచి, కాఫీగ్లాసు క్రింద పెట్టి, తలవంచుకొనెను. వానికి మారు తలంపు లేదని నేనెరుగుదును. ఆ మాట నాకు నేటికిని ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది.

మొదట మాట సంగతి చూతము. యంత్రమనగా ఇనుముతో చేసిన వస్తువని మనము వాడుకొనుచున్నాము. సంస్కృతమున ఈ శబ్దము నిగ్రహార్థకమగు ధాతువునుండి పుట్టినది. నియమము, సంయమము అను మాటలును ఆ కుటుంబములోనివే. పదునొకండవ శతాబ్దమున ధారానగర ప్రభువగు భోజుని పేర వెలసిన సమరాంగణ సూత్రధారమను వాస్తుగ్రంథమున యంత్రవిధానమును గూర్చి ఒక అధ్యాయము కలదు. తమ యిచ్ఛవచ్చినట్లు పోవు భూతములను నియమించి నడపునది కావున యంత్రమని అందు నిర్వచనము. రథము తోలు సారథికి యంత యను పేరు కలదు. గుఱ్ఱముల బలము సారథిది కాదు. ఆ బలమును దారిలో నుంచుట యతని పని. మన కథానాయకుని పనియు నట్టిదే.

ఇక కాగితము చేయు విధము కొంత తెలిసిననే గాని అతని పని బోధపడదు. కఱ్ఱను చిన్న చెక్కలుగా నరికి, పెద్ద పాత్రలో క్షారజలముతో నూట అరువది డెబ్బది సెంటీగ్రేడు డిగ్రీల వేడిమిని, ఒత్తిడిలో ఉడికింతురు. కఱ్ఱలోని నారను అంటించియుంచు జిగురు కరగి, నార గుజ్జుగా విడివడును. గుజ్జును కడిగి, తెల్లబరచి, దానికి నూటికి తొంబదితొమ్మిది పాళ్లు నీరు కలిపి, పరుగెత్తుచున్న జల్లెడ బట్టపై పలుచగా పోయుదురు. నీరు దిగిపోగా మిగిలిన తడిపొరను రోలర్లమధ్య నొత్తి, ఆవిరితో కాగుచున్న డోళ్లపై నడపి ఆరబెట్టుదురు. చివరకు నూటికి ఐదారు పాళ్ల తేమ నిలిచిన కాగితము చుట్టగా చుట్టుకొనును.

ఇదంతయు ఒకప్పుడు చేతిపనియే. 1799లో ఫ్రాన్సుదేశమున పారిస్ సమీపముననున్న ఎస్సోన్‌లో లూయీ నికొలా రాబర్ అనునతడు ఎడతెగని కాగితపు పొరను తీయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. ఇంగ్లండులో ఫోర్డ్రినియర్ సోదరులు దానికి ధనము పెట్టిరి. బ్రయన్ డాంకిన్ అను ఇంజనీరు దానిని చక్కదిద్ది 1803లో ఫ్రాగ్‌మోర్ మిల్లున నడపెను. నేటికిని కాగితపు యంత్రమునకు ఆ సోదరుల పేరే. వారు మాత్రము ఆ యంత్రముమీదనే ఆస్తి యంతయు పోగొట్టుకొని దివాలాతీసిరి.

యంత్రము వచ్చినను దానిని నడపువాని యింద్రియములే కొలత పరికరములు. గుజ్జును వ్రేళ్లమధ్య నలిపి ఉడుకు చూచెడివారు. ఆవిరి రంగునుబట్టియు, ఘాటైన వాసననుబట్టియు పాత్రలోని సంగతి చెప్పెడివారు. చుట్టను అరచేతితో చరచి, ఆ ధ్వనిని బట్టి తేమ యెంతయో గ్రహించెడివారు. మన యిండ్లలో పాకము ముదిరినదో లేదో నీటిలో ఒక బొట్టు వేసి చూచు ముత్తవ్వల విద్య యిట్టిదే. గొప్ప విద్యయే. కాని అది ఆ మనిషితోనే వచ్చి ఆ మనిషితోనే పోవును. అతడు నిద్రించువేళ యంత్రము నిద్రింపదు.

తన్ను తాను సరిదిద్దుకొను పరికరముల యూహ మాత్రము మిక్కిలి పాతది. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున టెసీబియస్ అను శిల్పి నీటిగడియారమునకు ఒక తేలుబెండు అమర్చెను. నీరు పెరిగిన బెండు పైకి లేచి దారి మూయును. తగ్గిన దిగి దారి తెరచును. మన డాబాలమీది నీళ్లతొట్టిలో తేలుచున్న బంతి చేయు పనియు నదియే. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు తిరుగు గుండ్ల జతను తగిలించెను. వేగము హెచ్చిన గుండ్లు దూరముగా లేచి ఆవిరిని తగ్గించును. వేగము తగ్గిన దిగి ఆవిరిని పెంచును. ఈ గుండ్లు ఒక్కొక్కప్పుడు ఊగిసలాడి యంత్రమును పట్టుతప్పించుచుండెడివి. అట్లేల యగునో 1868లో మాక్స్‌వెల్ అను భౌతికశాస్త్రవేత్త గణితముతో విచారించెను. అతి తొందరగా సరిదిద్దబోయిన తప్పు తగ్గుటకు బదులు పెరుగునని ఆ గణితపు సారము. బిడ్డలను పెంచినవారికిది గణితము లేకయే తెలియును.

ఈ శతాబ్దాల విద్య కాగితపు మిల్లులోనికి విస్తారముగా వచ్చినది 1930ల నాటికి. 1879 ప్రాంతమున డాన్‌జిగ్ నగరమున కార్ల్ దాల్ కనుగొనిన క్రాఫ్ట్ విధానము అప్పటికి బలపడినది. మిల్లులు పెద్దవైనవి, ఒకని కన్ను అన్నిటిని చూడజాలదయ్యెను. అమెరికాలో ఫాక్స్‌బరో, టేలర్ కంపెనీలవారు గాలి ఒత్తిడితో పనిచేయు నియంత్రకములను మిల్లులకు సమకూర్చిరి. వేడిమియో మట్టమో కొలిచిన పరికరము, ఆ కొలతను సన్నని గొట్టములోని గాలి ఒత్తిడిగా మార్చి పంపును. నియంత్రకము దానిని కోరిన కొలతతో పోల్చి, తేడానుబట్టి కవాటమునకు గాలి నంపును. గోడమీది గుండ్రని కాగితముపై సిరా కలము రాత్రింబగళ్లు గీత గీయుచుండును. ఆ గీత మిల్లుకు దినచర్య.

ఈ గాలిపెట్టెలు పుట్టిననాడే ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ పుట్టెను. గొట్టమున చేరిన నూనెతుంపరను ఊదుట, నార యడ్డుపడిన సన్నదారిని శుభ్రపరచుట, త్రాసును తూకపురాళ్లతో సరిచూచినట్లు పరికరమును తెలిసిన కొలతతో సరిచూచుట, సిరాకలము తిరుగునట్లు చేయుట అతని తొలి పనులు. తప్పుకు ఎంత బలముగా, ఎంత త్వరగా బదులీయవలెనో నియంత్రకమునకు నేర్పుటయు నతని పనియే. అది అంతవరకు చేతివాటముగా సాగెడిది. 1942లో టేలర్ కంపెనీకి చెందిన జీగ్లర్, నికొల్స్ అనువారు దానికొక పద్ధతిని ప్రకటించిరి. నియంత్రకమును ఊగిసలాట మొదలగు అంచువరకు పోనిచ్చి, ఆ ఊపునకు పట్టు కాలమును కొలిచి, దానినుండి సరియైన అమరికను లెక్కకట్టవలెనని వారి సూత్రము. కాలము మారినను ఆ పేర్లు మా వాని నోట నేటికిని వినుచుందును.

ఇక నా మనసునకు హత్తుకొనిన విషయము చెప్పెదను. గాలి పరికరములలో కొలత చదరపు అంగుళమునకు 3 పౌనుల ఒత్తిడినుండి 15 పౌనులవరకు నడచును. అనగా తొట్టి పూర్తిగా ఖాళీయైనప్పుడు గొట్టములో గాలి లేకుండుట కాదు, 3 పౌనులుండును. తరువాత విద్యుత్తు వచ్చినది. 1970లలో ప్రమాణముగా స్థిరపడిన కొలత 4 మిల్లీ ఆంపియర్లనుండి 20 వరకు. ఇచ్చటను సున్నకు 4 మిల్లీ ఆంపియర్లు. సున్నను సున్నగానే యేల పంపరాదని నేనొకనాడు వాకిట మంచముమీద కూర్చుండి మా వాని నడిగితిని.

"తీగ తెగిపోతే కూడా సున్నే కదా పెదనాన్నా. తొట్టిలో నీళ్లు లేవని చెప్పడం వేరు, చెప్పేవాడే లేకపోవడం వేరు. రెండూ ఒకేలా కనబడితే కొంప మునుగుతుంది" అని వాడు చెప్పెను.

నేను చాలసేపు మాటాడలేదు. నాకు ముప్పదియేండ్ల వెనుకటి సంగతి జ్ఞప్తికి వచ్చెను. అప్పుడు నేను వేరొక యూరి సంఘములో క్రొత్తగా చేరిన గుమాస్తాను. నాట్లు ముగిసి ఎరువు వేయు దినములు. రెండు దినములు జ్వరముతో పడియుండి వచ్చి, యూరియా నిల్వ గడిలో సాయంత్రము బస్తాలు లెక్కించి వ్రాయవచ్చునని ఖాళీగా విడిచితిని. సాయంత్రము మరచితిని. ఆ చిట్టా పైవారికి పోయెను. ఖాళీగడిని వారు నిల్వ లేదని చదువుకొనిరి. మరునాడు లారీ మాకు వచ్చెను. మా గోదామున అప్పటికే నిల్వ కలదు. నిజముగా ఒక్క బస్తాయు లేని పొరుగూరికి ఆ లారీ పోవలసినది. ఆ యూరి రైతొకడు మూడవనాడు సైకిలుమీద వచ్చి, మా గోదాములోని బస్తాల వరుసను చూచి, "ఉన్నది లేదని రాశారా బాబూ?" అని యడిగెను. "లేదని వ్రాయలేదు, ఏమియు వ్రాయలేదు" అంటిని. "మాకు రెండూ ఒకటేగా" అని అతడు మఱలిపోయెను. అతడు తిట్టినను నాకింత బాధ యుండెడిది కాదు.

లెక్కలు వ్రాయువారికి శూన్యము వ్రాయుట యొక విధి. వసూలు లేని నెలలోకూడ లేదని వ్రాసి పంపవలెను. మౌనమునకును శూన్యమునకును భేదము చూపవలెనని మన చిట్టాలు నేర్పిన నీతినే ఆ పరికరములు 4 మిల్లీ ఆంపియర్లలో దాచుకొనియున్నవి. ఆనాటినుండి మా వాని వృత్తియు నా వృత్తియు ఒకే యింటివని నాకు తోచినది.

ఈ విద్యలో తరువాతి పెద్ద ఘట్టము స్వీడన్ దేశమున జరిగెను. ఆ దేశమున అడవులు మెండు. కాగితము ప్రధాన పరిశ్రమ. వేనెర్న్ సరస్సు తీరమున గ్రూమ్స్ అను పట్టణమున బిల్లెరూద్ కంపెనీవారి మిల్లు కలదు. 1960ల తొలిసగమున ఆ కంపెనీయు ఐ.బి.ఎం. కంపెనీయు కలిసి, కాగితపు యంత్రమును కంప్యూటరుచే నడపు ప్రయత్నము చేసిరి. ఐ.బి.ఎం. పక్షమున పనిచేసినవారిలో కార్ల్ యోహాన్ ఆస్ట్రోమ్ అను యువగణితజ్ఞుడు కలడు. ఆయన 1934లో జన్మించి, పిమ్మట లుండ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, నియంత్రణ శాస్త్రమున ప్రపంచప్రసిద్ధుడయ్యెను.

వారి కెదురైన చిక్కు మన కాలువ క్రింది రైతులకు సుపరిచితము. తలతూము వద్ద నీరు వదలిన, చివరి పొలమునకు అది చేరుటకు దినములు పట్టును. నీరు రాలేదని చివరివాడు తొందరపడి కబురంప, తూము ఇంకను తెరచిన, కొన్నినాళ్లకు పొలము ముంపునకు గురియగును. కాగితపు యంత్రమునకూడ మొదట గుజ్జు కవాటమును త్రిప్పిన ఫలము చివర చుట్టవద్ద కనబడుటకు కొంత కాలము పట్టును. ఆ లోపల మరియొక తేడా వచ్చియుండును. నేటి తప్పును దిద్దిన చాలదు. పనిచేయునప్పటికి ఉండబోవు తప్పును ఊహించి దిద్దవలెను. గతపు కొలతలనుండి రాబోవు తేడాను అంచనా కట్టి, మిగిలిన హెచ్చుతగ్గులు మిక్కిలి తక్కువయగునట్లు కవాటమును నడపు గణితమును ఆస్ట్రోమ్ ఏర్పరచెను. 1967లో దానిని ప్రకటించెను.

హెచ్చుతగ్గులు తగ్గిన లాభమేమని యడుగవచ్చును. నేర్పులేని దుక్కిగాడు గట్టు తెగునను భయముతో గట్టునకు బారెడు దూరమున సాలు ముగించును. చేయి కుదిరినవాడు గట్టు వెంబడి జానెడు దూరమున దున్నును. గట్టు తెగదు, నేల వృథాకాదు. తేమ అటునిటు ఊగుచున్న యంత్రమున, హద్దు దాటునను భయముతో కాగితమును అవసరముకంటె ఎక్కువగా ఎండబెట్టుదురు. ఊగిసలాట తగ్గిన హద్దునకు దగ్గరగా నడపవచ్చును. ఆవిరియు నారయు మిగులును. నార మిగిలిన చెట్టు మిగులును.

1975లో అమెరికాలో హనీవెల్, జపానులో యోకోగావా కంపెనీలవారు మిల్లంతటికి పరచిన కంప్యూటరు నియంత్రణ వ్యవస్థలను వెలయించిరి. గోడమీది సిరాకలములు పోయి, గాజుతెరలు వచ్చినవి. అరచేతితో చుట్టను చరచినవారు చల్లని గదిలో తెరముందు కూర్చుండిరి. 1988లో షోషానా జూబాఫ్ అను అమెరికా విదుషీమణి తాను మిల్లులలో చూచినదానిని ఒక గ్రంథముగా వ్రాసెను. గుజ్జును ముట్టి తెలిసికొనుటకు అలవడిన వృద్ధకార్మికులు అంకెలను నమ్మలేక పడిన వేదన అందు కలదు. కొందరు తెరమీది అంకె చూచికూడ, నిజమేనా యని లేచిపోయి చూచివచ్చెడివారట. వారిని చూచి నవ్వరాదు. పద్దు చూచి తృప్తిపడక గోదామునకు పోయి బస్తాలు లెక్కించువాడే మంచి గుమాస్తా.

వారి సంశయము నిరాధారము కాదని తరువాత తేలినది. కెనడా మిల్లులలో బియల్కోవ్‌స్కీ అను ఇంజనీరు బృందము నియంత్రణ వలయములను పరీక్షించి 1993లో ఫలితములు ప్రకటించెను. బాగుగ పనిచేసి హెచ్చుతగ్గులను నిజముగా తగ్గించుచున్నవి సుమారు ఐదింట ఒకటియే. తక్కినవానిలో కొన్నిట కవాటము పట్టుబడిపోయి కదలదు. కొన్నిట అమరిక తప్పు. కొన్నిట మొదటి యేర్పాటే తప్పు. కోట్లు పోసి తెచ్చిన నియంత్రణలు, కాచువాడు లేక, తామే మిల్లును ఊపుచుండెను. కవాటము నాలుగు పాళ్లు తెరచుకొమ్మని ఆజ్ఞ వచ్చును, తుప్పుచే కదలదు, ఆజ్ఞ పెరుగును, ఒక్కసారి ఎగిరి పది పాళ్లు తెరచుకొనును. తెరమీద చూచిన గణితము తప్పినట్లుండును. నిచ్చెనయెక్కి కవాటపు కడ్డీపై చేయి వైచినవానికే అసలు దోషము తెలియును. కనుక కంప్యూటరు వచ్చి ఈ పనివానిని అనవసరము చేసినదనుట పొరపాటు. అతని చేతికి చూపు తోడైనదనవలెను.

ప్రాణముతో ముడిపడిన సంగతి యొకటి కలదు. కఱ్ఱ ఉడికించిన నల్లని ద్రవమును పారబోయరు. ఆవిరిలో చిక్కబరచి ఒక ప్రత్యేకపు బాయిలరులో కాల్చుదురు. కఱ్ఱజిగురు మండి ఆవిరి నిచ్చును. క్షారము కరిగిన లవణముగా అడుగున చేరి మరల ఉపయోగపడును. 1930ల తొలియేండ్లలో కెనడాయందు టామ్లిన్‌సన్ దీనిని రూపొందించెను. ఆ కరిగిన లవణపు కుప్పకు నీరు తగిలినచో బాయిలరు పిడుగువలె ప్రేలును. అట్టి ప్రేలుళ్లలో పనివారు మరణించిరి. అందుచే చిక్కదనము నూటికి 58 పాళ్లకు తగ్గిన ద్రవమును పొయ్యిలోనికి పోనీయరాదని అమెరికాలో ఈ బాయిలర్ల భద్రతకై యేర్పడిన సలహాసంఘము కట్టడి చేసినది. చిక్కదనమును కొలుచుటకు గొట్టములో వెలుతురు వంగుటను చూచు పరికరములను వరుసగా రెండింటిని పెట్టుదురు. ఒక సాక్షి చాలదని శాసనము. వానిలో ఏ యొక్కటి కీడు చెప్పినను ద్రవము తానై ప్రక్కకు మఱలిపోవలెను. ఆ రెండు కన్నుల అద్దములపై మడ్డి పేరుకొనకుండ కాపాడువాడు మన ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. మీటర్లు తుడుచు పని యని ఆ పెద్దమనిషి పలికినది ఒక విధముగ నిజమే. ఆ తుడుచుటమీద ఎందరి యిండ్లలో దీపములు వెలుగుచున్నవో ఆయన యెరుగడు. ఆనాడు నేనును ఎరుగను.

ఈ చరిత్ర దూరదేశములదని తలపవలదు. రాజమహేంద్రవరమున 1924లో కర్ణాటిక్ పేపర్ మిల్స్ పేర మొదలైన మిల్లు తరువాత ఆంధ్రా పేపర్ మిల్స్ అయ్యెను. నిజాము రాజ్యమున సిర్పూరు మిల్లు 1938లో స్థాపితమై 1942లో కాగితము తీసెను. దానినిబట్టియే ఆ యూరు కాగజ్‌నగర్ అయినది. భద్రాచలము చెంత సారపాకలో 1979లో అట్టల మిల్లు మొదలయ్యెను. ఒకప్పుడు ఈ మిల్లులకు అడవి వెదురు ఆధారము. నేడు మెట్టరైతులు పెంచు జామాయిల్, సుబాబుల్, సరుగుడు కఱ్ఱయే ప్రధానము. మన చుట్టుపట్ల కఱ్ఱ నరికి లారీ కెక్కించు రైతునకు ఆ మిల్లు పరికరములతో సంబంధము లేదనరాదు. నార వృథాచేయు మిల్లు నష్టపడును. నష్టపడిన మిల్లు మూతబడును. సిర్పూరు మిల్లు 2014లో మూతపడి, 2018లో వేరు యాజమాన్యముక్రింద తిరిగి తెరచుకొనెను. ఆ నాలుగేండ్లు ఆ యూరి అంగళ్ల చిట్టాలు ఎట్లుండెనో లెక్కలు వ్రాయువాడు ఊహింపగలడు.

మా వాని దినచర్య చెప్పి ముగించెదను. ప్రొద్దున డ్యూటీలో దిగగానే రాత్రి పనిచేసినవాని పుస్తకము చదువును. ఏ పరికరము మొరాయించెనో, దేనిని చేతినడకకు మార్చిరో అందు వ్రాసియుండును. పిమ్మట నడచుచు చూచును. గుజ్జు చిక్కదనము చెప్పు పరికరము గాలిబుడగలు చేరిన అబద్ధమాడును. ఒత్తిడి గొట్టమున నార అడ్డుపడిన పాతకొలతనే పట్టుకొని నిలుచును. మా వాడనును: "పెదనాన్నా, అటూ ఇటూ కదులుతున్న మీటరు మీద నాకు భయం లేదు. మరీ నిలకడగా ఉన్న గీత చూస్తేనే అనుమానం." తనిఖీలలో నేనును ఈ సంగతి చూచితిని. ఎన్నడును దిద్దుబాటులేని చిట్టాయే మొదట పరీక్షింపదగినది.

తెలిసిన కొలతను పరికరమునకు చూపి, అది చెప్పినదానిని వ్రాసికొని, సరిదిద్ది, మరల చూపి వ్రాయును. సరిదిద్దుటకు ముందు కొలతయు, తరువాతి కొలతయు రెండును పుస్తకమున నుండవలెను. ముందటిది దాచినచో ఆ పరికరము ఎన్నాళ్లనుండి తప్పుచెప్పుచుండెనో తెలియదు. ఎంత ధర్మమైన నియమము!

మన గ్రంథాలయమున ఈ వృత్తివిద్యలను గూర్చిన పుస్తకములు మిక్కిలి తక్కువ. పదవతరగతి ముగించి, ఏమి చదువుదమా యని మన వరండాలో కూర్చుండు బాలురకై అట్టివి కొన్ని తెప్పింపవలెనని కార్యవర్గమువారికి మనవి. నా వంతుగా తొలి రెండు పుస్తకముల వెల చెల్లించితిని.

తప్పు పద్దు పడినప్పుడు దానిని గీకి చెరపరాదు, పుట చింపరాదు. చదువుటకు వీలగునట్లు దానిపై ఒక్క గీత గీసి, ప్రక్కన సరియైనది వ్రాసి, చేవ్రాలు చేయవలెను. ఇది నాకు నా గురువు నేర్పిన మొదటి పాఠము. ఆ పెండ్లిచూపులనాడు నేను నోట వ్రాసిన పద్దు నిట్లు దిద్దుచున్నాను: మా పిల్లవాడు కాగితపు మిల్లులో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. తాత్కాలికముగా కాదు. ఆఫీసునకు మారడు. వాడు కాచు కొలతలమీద ఒక మిల్లును, దానిలోని జనులును ఆధారపడియున్నారు. ఈ సంచికను మొట్టమొదట వానికే యిచ్చెదను.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, శతోత్సవమును చూచుగాక.